ఆసుపత్రి తాళం పగలగొట్టిన మా అత్త

"అమ్మ పోయింది. బయల్దేరి రా."

ఫోనులో బావ అన్నది ఇంతే. ఆ గొంతు విని ఏళ్ళయింది గనక మొదట ఎవరో పోల్చుకోలేకపోయాను. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే బళ్ళో, స్టాఫ్‌రూములో ఉన్నాను అప్పుడు. సెలవు అడగడానికి వెళ్ళి హెడ్‌మాస్టరుగారితో "మా మేనత్త" అని మాత్రం అనగలిగాను. "పెద్ద వయసేనామ్మా?" అని అడిగారాయన. పెద్ద వయసేమీ కాదు. కానీ మా అత్త తన వయసు కంటే చాలా ముందే ముసలిదైపోయింది. అందుకు కారణమైనవాళ్ళు చాలామంది ఇంకా నిక్షేపంగా తిరుగుతున్నారు. ఆమె మంచిదని చెప్పేవాళ్ళకు ఇప్పుడు కొదవలేదు. ఏం జరిగిందో చెప్పేవాళ్ళే లేరు. అందుకని రాస్తున్నాను.

మా ఊరి పేరు రాయను. చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గర్లో ఉన్న చిన్న మండల కేంద్రం అనుకుంటే చాలు. తెల్లారింది మొదలు మరమగ్గాల చప్పుడుతో మోగిపోయే ఊరు. మాదీ మగ్గాల ఇల్లే. అత్త మా నాయనకు అక్క. ఊరందరికీ మిలిట్రీ అమ్మ.

వేలూరులో నర్సు చదువు చదివి ఆమె మిలిట్రీ ఆసుపత్రిలో చేరింది. మగ్గం ఇంటి ఆడపిల్ల అంత దూరం పోయి సిపాయిల పుళ్ళు కడగడమేమిటని అప్పట్లో చుట్టాలు మా తాతను కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు పిలవలేదట. బంగ్లాదేశ్ యుద్ధం జరిగినప్పుడు ఆమె తూర్పు వైపు సరిహద్దులో, గుడారాల్లో పెట్టిన ఆసుపత్రిలో పనిచేసింది. ఆ సంగతులు చెప్పమని నేను చిన్నప్పుడు ఎంత వేధించినా చెప్పేది కాదు. ఒక్క మాట మాత్రం చాలాసార్లు అనేది: "అరిసేటోళ్ళను తర్వాత సూసుకోవచ్చు అమ్మణ్ణీ. అరవకుండా పడుకోనుండేటోడి కాడికి ముందు పోవాల." అది నర్సులకు చెప్పే మాటే అనుకునేదాన్ని. తర్వాత తర్వాత చూస్తే, ఆమె మనుషులందరినీ అలాగే చూసేది.

మిలిట్రీలోనే లారీ డ్రైవరుగా ఉన్న మామను పెళ్ళి చేసుకుంది. ఆ కాలపు నిబంధనల ప్రకారం పెళ్ళయిన నర్సుకు ఉద్యోగం నిలవలేదు. కొడుకు నడక నేర్చుకునే వయసులో కొండదారిలో మామ నడిపే బండి లోయలో పడింది. చంకలో పిల్లాడితో, ఒక ఇనప ట్రంకుపెట్టెతో అత్త మా వీధికి తిరిగొచ్చింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపించేసేది. ఆ పిల్లాడే మా బావ.

అత్త ఇంట్లో పక్కబట్ట మీద ముడత ఉండేది కాదు. చేతులు మోచేతుల దాకా కడిగితేనే కడిగినట్టు. పాలు లేని టీ ఎనామిల్ మగ్గులో పోసుకుని, వసారాలో నిలబడే తాగేది. రోజూ పొద్దున ఆ వసారాలో జనం ఉండేవాళ్ళు. మగ్గంలో వేలు నలిగినవాళ్ళు, సైకిలు మీంచి పడ్డవాళ్ళు, మానని పుండ్లున్న ముసలివాళ్ళు. అందరికీ కట్లు కట్టేది, సూదులు వేసేది. కాన్పులకు పిలిస్తే ఇళ్ళకు పోయేది. గట్టిగా ఏడ్చే పిల్లల్ని హిందీలో "చుప్!" అని కసిరేది. వాళ్ళు ఆ పరాయి మాటకు బిత్తరపోయి నిజంగానే ఊరుకునేవాళ్ళు. ఎవరైనా పలకరిస్తే, మాట్లాడుతూ మాట్లాడుతూనే వాళ్ళ మణికట్టు పట్టుకుని నాడి చూసేది. అది అలవాటు. తను ఆ పని చేస్తున్నట్టు ఆమెకే తెలిసేది కాదు.

మా ఊళ్ళో ప్రభుత్వ ఆసుపత్రి ఉండేది. అంటే, భవనం ఉండేది. పొద్దున రిబ్బను కత్తిరించి ప్రారంభించారు, ఆ సాయంత్రం తాళం వేశారు. డాక్టరు వస్తాడన్నారు. ఎండాకాలాలు గడిచాయి, వానాకాలాలు గడిచాయి. ఆసుపత్రి వరండాలో మేకలు పడుకునేవి. కాన్పు కష్టమైతే తిరుపతికో చిత్తూరుకో తీసుకుపోవాలి. దారిలో పోయినవాళ్ళ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పేర్లు పెట్టి చెప్పుకునేవాళ్ళు కూడా.

తొంభైల చివర్లో, ఒక వేసవి మధ్యాహ్నం, పక్కవీధిలో ఒక ఇంటి కోడలికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. ఆటో మాట్లాడి తిరుపతికి బయల్దేరబోతుంటే ఎవరో అత్తను పిలిచారు. నేను సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను, ఆమె వెంట పోయాను. అత్త లోపలికి పోయి చూసి, చేతులు కడుక్కుంటూ బయటికొచ్చింది.

"బిడ్డ కాళ్ళు ముందొస్తాండాయి. తిరుపతి దాకా ఆగదు."

ఆ ఇల్లంతా ఒకటే గది. సగం మగ్గం, మిగతా సగం నూలు దుమ్ము. అత్త ఒకసారి చుట్టూ చూసి, "గడ్డపార ఉండాదా?" అని అడిగింది.

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఆ పిల్ల మొగుడే తెచ్చి ఇచ్చాడు. నలుగురు ఆడవాళ్ళు ఆ పిల్లను మంచం మీదనే మోసుకొచ్చారు. అత్త ఆసుపత్రి తలుపు ముందు నిలబడి, కొంగు నడుముకు బిగించి, ఆ తాళాన్ని తనే పగలగొట్టింది. లోపల కాన్పు బల్ల మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. కిటికీలు తెరిచి, బల్ల తుడిచి, నీళ్ళు కాచమని మమ్మల్ని తరిమింది. చాలాసేపటికి బిడ్డ ఏడుపు వినపడింది. ఆ ఆసుపత్రిలో పుట్టిన మొదటి బిడ్డ. తల్లి కూడా బతికింది.

మర్నాడు కానిస్టేబులు వచ్చాడు. పాపం ఆయన కాలికి ఒకప్పుడు అత్తే కట్టు కట్టింది. తల వంచుకుని, "అమ్మా, గవర్నమెంటు ఆస్తిని పాడు చేసినారని కంప్లైంటొచ్చింది" అన్నాడు.

"తాళం పగిలిందని రాసుకున్నారా?"

"రాసుకున్నామమ్మా."

"లోపల బిడ్డ పుట్టిందని గూడా రాసుకో అప్పా."

అది ఎవరూ రాసుకోలేదు. కొత్త తాళం వచ్చింది, పాతదాని కంటే పెద్దది. అప్పుడు అత్త మా వీధి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి పోయింది. నేనూ ఉన్నాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు, కాఫీలు ఇప్పించాడు. అత్త చెప్పిందంతా విన్నాడు. విని, పక్కనున్నవాళ్ళకేసి చూసి నవ్వుతూ, "అమ్మా, ఊరికి డాక్టర్ని తెచ్చేదంటే పుండుకు కట్టు కట్టినట్టు గాదు. ఈ కుర్చీలో కూసుంటే తెలస్తాది ఎంత కష్టమో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అత్త కాఫీ గ్లాసు కింద పెట్టింది. "సరే నాయనా. కూసోనే సూస్తాను" అంది.

అది కోపంలో అన్న మాట అనుకున్నాం. ఎన్నికలొచ్చాయి. అత్త చీర కుచ్చిళ్ళు గీత గీసినట్టు పెట్టుకుని, మెడల్ రిబ్బను ఉన్న పాత ఫోటో ఒకటి సంచిలో వేసుకుని, నామినేషను వేసి వచ్చింది. మా నాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"నీకేంటికక్కా ఇది? వాళ్ళతో మనం పెట్టుకోగలమా?"

"నేనేమన్నా తుపాకి పట్టినానా? ఓటడగతాండా. అంతే గదా."

"ఎవురేస్తారక్కా నీకు?"

"అదేందిరా అట్లంటావు! ఈ ఊళ్ళో నా చెయ్యి పడని ఇల్లు యాడుండాది?"

ఆ మాట ఆమె గొప్పకు అనలేదు. నిజంగా నమ్మి అంది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను కోసేది ఆ నమ్మకమే.

మొదట్లో బావ ఆమె పక్కనే ఉన్నాడు. పాలిటెక్నిక్ చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజులవి. సున్నంలో నీలిమందు కలిపి గోడల మీద తల్లి పేరు తనే రాశాడు. అక్షరాలు చక్కగా ఉండేవి. అత్తకు నిచ్చెన గుర్తు ఇచ్చారు. రెండో రోజుకే ఆ గోడల మీద, "ఈ నిచ్చెన ఎవురెక్కేదానికి?" అని ఎవరో బొగ్గుతో రాశారు. మొగుడు లేని ఆడదాన్ని ఏమనాలో మగవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సిపాయిల మధ్య బతికొచ్చిందని టీ అంగళ్ళలో నవ్వుకున్నారు. ఆ నవ్వేవాళ్ళలో ఆమె చేత సూదులు వేయించుకున్నవాళ్ళు ఉన్నారు. అత్త ఆ గోడల ముందు నుంచే నడిచిపోయేది. బావ మాత్రం బకెట్టు తీసుకుపోయి ఆ బొగ్గు రాతలు కడిగేవాడు. ఆ సంగతి దాచడం న్యాయం కాదు గనక చెబుతున్నాను.

ఓట్లు అడగడం అత్తకు రాలేదు. ఇంటింటికీ పోయి చేతులు జోడించబోయి, ఎదురుగా ఉన్న మనిషి మణికట్టు పట్టుకునేది. "నీకు రక్తం తక్కువుండాది, ఆకుకూర తిను" అని చెప్పి, ఓటు మాట మరిచిపోయి పక్కింటికి పోయేది. నేను వెనక నుంచి గుర్తు చేస్తే, తిరిగొచ్చి, "నిచ్చెన మే, నిచ్చెన" అనేది. మైకులో ఆమె చెప్పేది రెండు ముక్కలు. "నేనేం ఇయ్యలేను. ఆసుపత్రి తలుపు తెరిపిస్తాను." ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు, ఆమె చేతులు పట్టుకుని వదిలేవాళ్ళు కాదు. "మా ఓటు నీకు గాక ఎవురికమ్మా!" అనేవాళ్ళు. నేను కూడా నమ్మాను.

పోలింగు దగ్గర పడుతుండగా ఒకరోజు పొద్దున బావ కనిపించలేదు. పోస్టర్లు తేవడానికి చిత్తూరు పోయుంటాడని అత్త అనుకుంది. ఆ సాయంత్రం బస్టాండు దగ్గర ఎమ్మెల్యే మీటింగు జరుగుతోంది. మేము ఆటోలో పక్కవీధిలో తిరుగుతున్నాం. వాళ్ళ లౌడ్‌స్పీకరులోంచి బావ గొంతు వినపడింది.

"మా అమ్మ మంచిదే. కానీ యుద్ధంలో పనిచేసొచ్చినప్పట్నుంచి ఆమెకు మనసు స్థిమితంగా లేదు. కన్నకొడుకుగా చెప్తాండాను. ఆమెకు ఓటేసి ఆమెని ఇంకా కష్టపెట్టొద్దండి."

చప్పట్లు. అత్త డ్రైవరుతో మన మైకు ఆపమంది. ఆటో దిగి, వీధి మధ్యలో నిలబడి, చివరిదాకా వింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. ఆమె ఏడుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని వాళ్ళు ఎదురు చూసినట్టే నాకనిపించింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"ఆ మాటలు వాడివి గాదు అమ్మణ్ణీ" అంది అత్త నెమ్మదిగా. "ఎవురో రాసిచ్చినారు. స్థిమితం అనే మాట వాడికి రాదు."

మళ్ళీ ఆటో ఎక్కింది. ఆ వీధి పూర్తి చేసింది. తర్వాతి వీధి కూడా.

తిరుపతిలో ఒక కొత్త లాడ్జీలో బావకు మేనేజరు ఉద్యోగం ఇప్పించారని తర్వాత తెలిసింది. ఓట్లు లెక్కపెట్టారు. ఎమ్మెల్యే మళ్ళీ గెలిచాడు. అత్తకు డిపాజిట్టు దక్కలేదు. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లల తల్లులు వేసినా అంతకంటే ఎక్కువే వచ్చుండాలి. తాళం పగలగొట్టి కాన్పు చేసిన ఇల్లుందే, ఆ ఇంటాయన ఎమ్మెల్యే తరఫున పోలింగ్ బూతులో కూర్చున్నాడు. ఆ గడ్డపార తెచ్చిచ్చిన చేతులతోనే చీటీలు పంచాడు.

ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున, ఏమీ జరగనట్టు జనం వసారాలోకి వచ్చి కూర్చున్నారు. వాళ్ళ పుండ్లు వాళ్ళకున్నాయి కదా! అత్త ఎనామిల్ మగ్గుతో బయటికొచ్చి వాళ్ళను చూసింది. టీ మొత్తం తాగింది. ఆ తర్వాత అంది:

"ఇంక రావొద్దండి. నాకు మనసు స్థిమితంగా లేదంట."

ఎవరో నవ్వబోయారు, వేళాకోళమనుకుని. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ వసారాలో మళ్ళీ ఎవరికీ కట్టు కట్టలేదు. ఊరు ఊరుకుంటుందా! "ఓడిపోయింది గదా, పొగరు" అంది. "అదంతా ఓట్ల కోసమే చేసింది, ఇప్పుడు బయటపడింది" అంది. ఏళ్ళ తరబడి ఆమె చేసినదంతా ఆ ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆమె అలా తలుపేసుకోవడం తప్పేమోనని నేను చాలాకాలం ఆలోచించాను. ఇప్పుడు ఆలోచించడం మానేశాను. తలుపేసుకునే హక్కు ఆమెకు ఉంది.

కాన్పులకు మాత్రం పిలిస్తే పోయేది. ఎవరింటికైనా సరే. గోడ మీద బొగ్గుతో రాసినవాడి ఇంటికి కూడా పోయింది. అదేమని నేను అడిగితే, "పుట్టేదానికి ఇంగా ఓటు లేదు గదా" అంది. ముఖంలో నవ్వు లేదు. కాన్పు చేసి, చేతులు కడుక్కుని, వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేసేది.

బావకు నన్నివ్వాలని మా ఇంట్లో ఎప్పటినుంచో ఒక మాట ఉండేది. ఎన్నికల గొడవ చల్లారాక, రక్తసంబంధం కలిస్తే అన్నీ సర్దుకుంటాయని నాయన ఆ మాట మళ్ళీ ఎత్తాడు. అత్త మా ఇంటికొచ్చి, నేను వింటుండగానే చెప్పింది.

"నా కొడుక్కి నీ కూతుర్ని ఇయ్యొద్దు."

"అదేందక్కా, నువ్వే అట్లంటే ఎట్ల? వాడు నీ కడుపున పుట్టినోడు గదా!"

"అందుకే సెప్తాండా. వాడు సెడ్డోడు గాదు. తాగడు, ఒకర్ని కొట్టడు. అవసరానికి పక్కన నిలబడడు. అంతే. దీని జన్మంతా ఏ అవసరమూ రాదని నువ్వు సెప్పగలవా?"

ఆమె వచ్చినంత నిటారుగా వెళ్ళిపోయింది. తల్లి అయినవాళ్ళకు ఆ మాట ఎంత బరువో, నాకు పిల్లలు పుట్టాక తెలిసింది. ఆ రోజు ఆమె నన్ను కాపాడింది. కొడుకును పోగొట్టుకున్నది కూడా ఆ రోజే అనుకుంటాను, స్టేజీ మీద మాటలు విన్న రోజు కాదు.

కొంతకాలానికి ఆసుపత్రికి డాక్టరు వచ్చాడు. వారంలో కొన్ని రోజులు వస్తాడు. గోడకు నల్లరాతి ఫలకం బిగించారు. ఎమ్మెల్యేగారి అవిశ్రాంత కృషి వల్ల ఇది సాధ్యమైందని దాని మీద చెక్కారు. అత్త అంగడికి పోయేటప్పుడు ఆ దారినే పోవాలి. తల తిప్పి చూసేది కాదు. ఒకసారి నేను పట్టలేక, "నీవల్లే గదత్తా ఇది" అన్నాను. "నావల్లయితే ఏమి, వాడివల్లయితే ఏమి? డాక్టరు ఈరోజు వచ్చినాడో లేదో కనుక్కో" అంది. అంత మాటన్న మనిషి, ఇంటికొచ్చాక అన్నం తినలేదు.

బావకు కూతురు పుట్టినప్పుడు భార్యతో కలిసి పిల్లను తీసుకొచ్చాడు. అప్పటికి లాడ్జీ వదిలి రోడ్డు కాంట్రాక్టుల్లోకి దిగాడు, పార్టీలో ఏదో పదవి కూడా ఉంది. అత్త పిల్లను చేతుల్లోకి తీసుకుని కళ్ళు చూసింది, బొడ్డు చూసింది, ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలు పట్టడమెలాగో కోడలికి చూపించింది. కోడలు అడిగినవాటికల్లా ఓపిగ్గా జవాబు చెప్పింది. బావ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఆమె అనలేదు. ఆమె అనకుండా అతను కూర్చోలేదు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినట్టు కొందరు ఏ ఇంట్లోనైనా కూర్చుంటారు. నిజంగా అక్కడ పెరిగినవాడు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అలా నిలబడే ఉన్నాడు.

చివరి రోజుల్లో ఆమెకు గుండె బలహీనపడింది. తిరుపతికి వచ్చి నా దగ్గర ఉండమని బతిమాలాను. "నువ్వు నన్ను సూసుకుంటావని తెలుసు. అదే నాకు సరిపడదు" అంది. ఒక పొద్దున పాలమ్మే ఆమె పిలిస్తే పలకలేదు. నిద్రలోనే పోయిందట. పక్కబట్ట మీద ముడత లేదని మా అమ్మ ఒకటికి పదిసార్లు చెప్పుకుని ఏడ్చింది.

నేను వెళ్ళేసరికి వీధి నిండా షామియానా వేశారు. 'మిలిట్రీ అమ్మకు జోహార్లు' అని ఫ్లెక్సీ కట్టారు. అందులో అత్త ఫోటో చిన్నది, దండం పెడుతున్న నాయకుల ఫోటోలు పెద్దవి. ఎండ మండుతోంది. మోసేవాళ్ళు సిద్ధంగా ఉన్నా ఎవరూ కదలడం లేదు.

"ఇంగా ఏంటికి ఆలస్యం?" అని నాయన అడిగాడు.

"ఎమ్మెల్యే సారు దారిలో ఉండాడంట మామా. రవంత సేపు" అన్నాడు బావ.

రవంత సేపు చాలాసేపే అయింది. ఆమె కాన్పులు చేసిన ఆడవాళ్ళు ఎందరో వచ్చారు. కార్లకు దారి కావాలని వాళ్ళను తాడు కట్టి పక్కకు నిలబెట్టారు. చివరికి ఎమ్మెల్యే వచ్చాడు. దండ వేశాడు. తనతో పోటీ చేసినా ఆమెకూ తనకూ మధ్య ఉన్నది తల్లీకొడుకుల అనుబంధమని చెప్పాడు. ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి మధ్యలో ఆపేశారు. పోతూ పోతూ తన మెడలోని పార్టీ కండువా తీసి ఆమె గుండెల మీద కప్పాడు. ఫోటోలు తీశారు. కార్లు వెళ్ళిపోయాయి.

అప్పుడు నాయన లేచాడు. ఆయన జన్మలో ఎవరికీ ఎదురు మాట్లాడిన మనిషి కాదు. పాడె దగ్గరికి వెళ్ళి, ఆ కండువా తీసి, అక్క నేర్పినట్టే అంచుకు అంచు కలిపి మడిచి, బావ ముందు నిలబడ్డాడు.

"ఇది నీది. పట్టుకో."

బావ తీసుకున్నాడు. నాయన ముఖంలోకి చూడలేదు. అంతలో పెద్దవాళ్ళు పొద్దుపోతోందని తొందర చేశారు. కొడుకు ముందు నడవాలి గనక నిప్పు కుండ ఉట్టి అతని చేతికిచ్చారు. ఆ కండువా ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. పక్కనున్న ఒకరిద్దరి వైపు చాచాడు. ఎవరూ అందుకోలేదు. కింద పెట్టడానికి ధైర్యం లేదు, పార్టీవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

ఆడవాళ్ళం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. బావ తడిబట్టలతో, ఒక చేత్తో పొగలు లేస్తున్న కుండ పట్టుకుని, ఆ మడిచిన కండువాను ఇంకో చంకలో బిగించి, జారిపోకుండా మాటిమాటికీ భుజం ఎగదోసుకుంటూ, వీధి మలుపు తిరిగేదాకా తల్లి ముందు నడుచుకుంటూ పోయాడు.